పాత స్ప్లెండర్ తాళానికి కొత్త తాళంచెవి: పని డైరీ

మే మొదటి వారం: తాళం ఇప్పుడున్న తీరు

మా నాన్నగారు 1998లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఇగ్నిషన్ తాళానికి కొత్త తాళంచెవి తయారు చేయడమే ఈ పని. అరిగిన పాత చెవిని చూసి నకలు తీయకుండా, తాళాన్ని విప్పి, లోపలి పలకలు (చెవి కోతలకు సరిపడితేనే తాళాన్ని తిరగనిచ్చే పలుచని ముక్కలు) ఏ కొలతలో ఉన్నాయో చదివి, కంపెనీ మొదట కోసిన కొలతకే కొత్త చెవిని కోయాలని నిశ్చయించుకున్నాను. పని నడిచే కొద్దీ ఇక్కడ రాసుకుంటూ వెళ్తాను. పాత బండిని జాగ్రత్తగా కాపాడుకుంటున్న వారికి ఇందులోని కొలతలు కాకపోయినా పద్ధతి తప్పక ఉపయోగపడుతుంది.

ఈ బండికి మూడు తాళాలున్నాయి: ఇగ్నిషన్, పెట్రోలు ట్యాంకు మూత, హ్యాండిల్ తాళం. మూడింటికీ ఒకే చెవి. కొన్నప్పుడు ఇచ్చిన రెండు చెవుల్లో ఒకటి చాలా కాలం క్రితమే పోయింది. రెండోది పాతికేళ్లకు పైగా రోజూ తిరిగి, పళ్ల కొనలు గుండ్రబడి, కొస దాదాపు నునుపుగా మారింది. దాన్ని చూసి వేర్వేరు కాలాల్లో చేయించిన నకళ్లు కూడా ఇంట్లో ఉన్నాయి. అవన్నీ ట్యాంకు మూతను తెరుస్తాయి. ఇగ్నిషన్‌లో మాత్రం పూర్తిగా దూర్చిన తర్వాత వెంట్రుకవాసి వెనక్కి లాగి, కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే తప్ప తిరగవు. వాటికంటే పాత చెవే నయం.

అంతకంటే ముఖ్యమైన లక్షణం మరొకటి ఉంది. స్విచ్ ఆన్‌లో ఉండగానే చెవి బయటకు వచ్చేస్తోంది. సరైన తాళంలో ఇది జరగకూడదు. ఆఫ్ స్థానంలో తప్ప చెవిని వదలకుండా పట్టి ఉంచేది లోపలి పలకలే. ఆన్‌లో చెవి ఊడివస్తోందంటే చెవి, పలకలు రెండూ అరిగి ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం మానేశాయని అర్థం. గతుకుల రోడ్డు మీద చెవి జారి పడిపోతే బండి నడుస్తూనే ఉంటుంది కానీ, దిగాక ఆపడానికి చేతిలో చెవి ఉండదు. ఈ పనిని ఇక వాయిదా వేయకూడదని అనుకోవడానికి కారణం ఇదే.

కొత్త తాళాల సెట్టు కొని బిగించమని తెలిసిన మెకానిక్‌లందరూ సలహా ఇచ్చారు. సెట్టు దొరుకుతుంది, ధర కూడా ఎక్కువేమీ కాదు. అయినా నేను ఒప్పుకోలేదు. పాత తాళం గూడు, సిలిండర్ జింకు పోతతో చేసినవి. ఎక్కడా పగులు లేదు, తుప్పు లేదు. అరిగినవి లోపలి పలుచని ఇత్తడి పలకలు, బయటి చెవి మాత్రమే. అరిగినదాన్ని మార్చి మిగిలినదాన్ని నిలుపుకోవడమే పాత బండి విషయంలో సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం. పైగా కంపెనీ పేరు 2011లోనే హీరో మోటోకార్ప్‌గా మారింది. హీరో హోండా పేరుతో వచ్చిన విడిభాగాలు ఒకసారి చెత్తలోకి వెళితే మళ్లీ రావు.

మే రెండో వారం: పాత చెవి చెప్పిన సంగతులు

తాళాన్ని విప్పే ముందు పాత చెవిని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. ఈ రకం చెవికి రెండు అంచులా ఒకే వరుసలో కోతలుంటాయి, కాబట్టి ఎటు తిప్పి దూర్చినా పనిచేస్తుంది. కానీ చెవి మీద గుర్తు ఉన్న వైపు తన వైపుకు ఉండేలా దూర్చడం మా నాన్నగారి అలవాటు. ఇన్నేళ్లూ ఒకే తీరుగా దూర్చడం వల్ల రెండు అంచులూ వేర్వేరుగా అరిగాయి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే తాళం లోపలి ఏర్పాటు తెలియాలి. గుండ్రటి సిలిండర్‌కు అడ్డంగా చీలికలుంటాయి. ఒక్కొక్క చీలికలో ఒక పలుచని ఇత్తడి పలక, దాని మధ్యలో చెవి దూరడానికి దీర్ఘచతురస్రాకారపు కిటికీ, పక్కన చిన్న కొమ్ము, ఆ కొమ్ము కింద సన్నని స్ప్రింగు ఉంటాయి. చెవి లేనప్పుడు స్ప్రింగు పలకను ఒక పక్కకు తోసి ఉంచుతుంది. పలక అంచు సిలిండర్‌ను దాటి బయటి గూటిలోని గాడిలో పడుతుంది. అందుకే సిలిండర్ తిరగదు. చెవి దూరినప్పుడు దాని అంచు కిటికీ అంచును నెట్టి పలకను లోపలికి తెస్తుంది. సరైన లోతులో కోసిన చెవి అయితే పలక రెండు కొసలూ సిలిండర్ ఉపరితలంతో సరిగ్గా సమమవుతాయి. కోత లోతెక్కువైతే పలక స్ప్రింగు తోసే వైపే మిగిలిపోతుంది. లోతు చాలకపోతే పలక అవతలి పక్కకు పొడుచుకు వస్తుంది. ఏ ఒక్క పలక సమం కాకపోయినా సిలిండర్ కదలదు.

పలకలన్నీ ఒకే దిక్కుకు ఉండవు. ఒకటి పైకి, తర్వాతిది కిందికి, ఇలా మారుతూ ఉంటాయి. అంటే చెవిని ఎప్పుడూ ఒకే తీరుగా దూర్చినప్పుడు ఒకటి, మూడు, ఐదు స్థానాల్లో పై అంచు పనిచేస్తుంది; రెండు, నాలుగు, ఆరు స్థానాల్లో కింది అంచు పనిచేస్తుంది. ప్రతి స్థానంలోనూ పని చేయని అంచు ఒకటి మిగులుతుంది. పని చేయని ఆ అంచు దూర్చేటప్పుడు, తీసేటప్పుడు రాసుకోవడం వల్ల కొంత అరుగుతుంది కానీ, తిప్పేటప్పటి ఒత్తిడిని భరించదు. కాబట్టి ప్రతి స్థానంలో రెండు అంచులనూ కొలిచి, తక్కువ అరిగిన అంచు కొలతను తీసుకుంటే కంపెనీ కోసిన అసలు లోతుకు దగ్గరగా వెళ్లవచ్చు. పిడికి దగ్గరి స్థానాల్లో రెండు అంచుల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు లోపే ఉంది. కొస వైపు వెళ్లే కొద్దీ అది 0.3 మిల్లీమీటర్లు దాటింది.

కొస ఎక్కువ అరగడానికి కారణం స్పష్టమే. చెవి లోపలికి వెళ్లేటప్పుడు దాని కొస ప్రతి పలకనూ రాసుకుంటూ చివరిదాకా వెళ్తుంది. పిడి దగ్గరి భాగం మాత్రం మొదటి పలకను తప్ప దేనినీ తాకదు. తాళంలో ఇది తలకిందులవుతుంది. మూతి దగ్గరి పలక మీదుగా చెవి మొత్తం పొడవునా నడుస్తుంది. అట్టడుగు పలకను కొస మాత్రమే తాకుతుంది. అంటే చెవికి కొస వద్ద, తాళానికి మూతి వద్ద అరుగుదల ఎక్కువగా ఉండాలి. విప్పినప్పుడు ఈ ఊహ నిజమో కాదో తెలుస్తుందని రాసి పెట్టుకున్నాను.

నకళ్ల సంగతి కూడా ఈ కొలతలతోనే తేలిపోయింది. నకలు తీసే యంత్రంలో ఒక పక్క పాత చెవిని బిగిస్తారు, మరో పక్క ఇంకా కోతలు లేని ఖాళీ చెవిని బిగిస్తారు. పాత చెవి అంచును ఒక మొన తడుముతూ వెళ్తే, దానికి సమానంగా రెండో పక్కన చక్రం కోస్తూ పోతుంది. ఆ మొనకు అసలు కోత ఏదో, అరుగుదల ఏదో తెలిసే మార్గం లేదు. అరిగిన 0.3 మిల్లీమీటర్లను కూడా అది నమ్మకంగా నకలు తీస్తుంది. దానికి యంత్రం తన వంతు చిన్న తేడాను కలుపుతుంది. నకలుకు నకలు తీసినప్పుడల్లా ఈ తేడా పెరుగుతుంది. మా ఇంట్లోని నకళ్లు పాత చెవికంటే అధ్వానంగా పనిచేయడం ఆ నకళ్లు చేసినవారి లోపం వల్ల జరిగింది కాదు. వారి ముందు పెట్టిన నమూనాయే అరిగినది.

మే మూడో వారం: స్విచ్ విప్పడం

ముందుగా బ్యాటరీ తీగ విప్పాను. స్విచ్ నుంచి వచ్చే తీగల కప్లర్ హెడ్‌లైట్ డోమ్ లోపల ఉంటుంది, కాబట్టి లైటును విప్పి కప్లర్‌ను వేరుచేసి, మీటర్ల కింద స్విచ్‌ను పట్టి ఉంచిన బోల్టులు తీశాను. స్విచ్ మొత్తంగా చేతికి వచ్చింది.

కింది భాగంలో తీగలు అతికిన నల్లని ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. దాన్ని వేరు చేయడానికి ఒక పద్ధతి ఉంది. చెవిని ఆన్‌కూ ఆఫ్‌కూ నడుమ నిలిపి, గూటి అంచున కనిపించే సందుల్లో ఉన్న ప్లాస్టిక్ కొక్కేలను లోపలికి నొక్కుతూ లాగాలి. చెవి ఆ నడిమి స్థానంలో లేకపోతే దిమ్మ బయటకు రాదు. బలం ప్రయోగిస్తే పాత ప్లాస్టిక్ విరుగుతుంది. ఇక్కడ తొందర పడకూడదు.

తర్వాత గూటి పక్కనున్న సన్నని రంధ్రం గుండా, సిలిండర్‌ను పట్టి ఉంచే చిన్న ఇత్తడి నాలుకను సూదితో నొక్కి, చెవితో సహా సిలిండర్‌ను బయటకు లాగాను. చెవిని అందులోంచి తీయకుండా, ముందు తెల్లని గుడ్డ పరిచి, దాని మీద పళ్లెం పెట్టి, పలకల మీద వేలు ఆనించి, అప్పుడు నెమ్మదిగా చెవిని తీశాను. ఈ స్ప్రింగులు తల వెంట్రుకంత సన్నని తీగతో చేసినవి, ఎగిరిపోతే దొరకవు. రోజువారీ మాత్రలు పెట్టుకునే గదుల డబ్బాను ముందే సిద్ధంగా ఉంచుకున్నాను. మూతి దగ్గరి పలక మొదటి గదిలో, దాని తర్వాతిది రెండో గదిలో, ఇలా ఆరు పలకలనూ, వాటి వాటి స్ప్రింగులనూ, అవి ఏ దిక్కుకు ఉన్నాయో రాసిన చీటీలనూ వరుసగా పెట్టాను. ఈ పనిలో వరుస తప్పితే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

మే చివరి వారం: పలకలను చదవడం

లోపల నల్లని జిడ్డు గడ్డకట్టి ఉంది. ఎప్పుడో ఎవరో తాళంలో ఇంజన్ ఆయిల్ పోశారు. తాళంలో నూనె పోస్తే ఆ పూటకు సులువుగా తిరుగుతుంది. తర్వాత రోడ్డు దుమ్మును పట్టి ఉంచుకుని, ఆ దుమ్మే సన్నని గరుకు ముద్దగా మారి, పలకలను లోపలినుంచి అరగదీస్తుంది. పలకలను ఒక్కొక్కటిగా కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తుడిచి, ఎండలో ఆరబెట్టాను.

శుభ్రపడిన తర్వాత భూతద్దం కింద పెట్టి చూస్తే నాలుగు పలకల మీద అచ్చు వేసిన అంకెలు స్పష్టంగా కనబడ్డాయి. ఈ అంకెలే పని మొత్తానికి ఆధారం. ఒక్కో అంకె ఒక్కో కోత లోతుకు గుర్తు. చిన్న అంకె అంటే తక్కువ లోతు, పెద్ద అంకె అంటే ఎక్కువ లోతు. మిగిలిన రెండు పలకల మీద అంకెలు చెరిగిపోయాయి. ఊహించినట్టే అవి మూతి దగ్గరి రెండూ.

అంకె కనబడని పలకలను కొలిచి గుర్తించాలి. పలక మొత్తం పొడవు అన్నింటికీ ఒకటే. మారేది కిటికీ ఉన్న ఎత్తు మాత్రమే. పలక బయటి అంచు నుంచి చెవి నెట్టే కిటికీ అంచు వరకు ఉన్న దూరాన్ని అన్ని పలకలకూ కొలిచి పట్టిక రాశాను. అంకె తెలిసిన పలకల్లో ఒక మెట్టుకూ తర్వాతి మెట్టుకూ మధ్య తేడా దాదాపు 0.5 మిల్లీమీటరు వచ్చింది. అంకె చెరిగిన పలకల్లో నెట్టే అంచు అరిగింది కనుక ఆ కొలతను నమ్మలేను. కానీ అదే కిటికీకి అవతలి అంచు చెవి ఒత్తిడికి లోనుకాలేదు. అక్కడ అంచు ఇంకా పదునుగా ఉంది. అవతలి అంచు నుంచి కొలిస్తే రెండు పలకలూ ఏ మెట్టువో సందేహం లేకుండా తేలింది. పాత చెవి మీద తక్కువ అరిగిన అంచుల నుంచి నేను ముందే రాసుకున్న లోతులతో వీటిని పోల్చాను. ఆరు స్థానాల్లోనూ రెండు పద్ధతులూ ఒకే అంకెను చెప్పాయి. ఈ పని మొత్తంలో నాకు అత్యంత సంతోషం కలిగించిన ఘట్టం ఇదే. ఆ ఆరంకెల వరుసను ఇక్కడ రాయడం లేదు. అది ఆర్‌సీతో పాటు బీరువాలో ఉండవలసినది.

ఆరు స్థానాలు, స్థానానికి నాలుగు లోతులు అనుకుంటే లెక్క ప్రకారం 4,096 రకాల చెవులు సాధ్యం. అన్ని స్థానాలూ ఒకే లోతున్న వరుసలను తయారీదారులు వాడరు కనుక నిజానికి అంతకంటే తక్కువే ఉంటాయి. అయితే అరుగుదల ఈ లెక్కను తారుమారు చేస్తుంది. మెట్టు 0.5 మిల్లీమీటరు ఉన్నచోట చెవి 0.3, పలక మరికొంత అరిగితే రెండు పక్కపక్క మెట్ల మధ్య తేడాయే మాసిపోతుంది. పాత బండి తాళం ఏ చెవి పెట్టినా తిరుగుతుందని మన ఊళ్లలో చెప్పుకునే మాటకు మూలం ఇదే. తాళాన్ని అసలు కొలతకు తేవడమంటే బండికి దాని భద్రతను తిరిగి ఇవ్వడం కూడా.

మూతి దగ్గరి రెండు పలకలూ మళ్లీ వాడదగినవి కావు. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు బండ్ల సామాను అమ్మే కొట్లో ఇదే రకం పాత ఇగ్నిషన్ తాళం, చెవి లేనిది, దొరికింది. దాన్ని విప్పితే అడుగు పలకలు దాదాపు కొత్తవిగా ఉన్నాయి, నాకు కావలసిన రెండు అంకెలూ అందులో ఉన్నాయి. స్ప్రింగులు కూడా దానిలోవే మెరుగ్గా ఉండటంతో నాలుగింటిని తీసుకున్నాను.

జూన్ మొదటి వారం: ఖాళీ చెవి ఎంపిక

బీసెంట్ రోడ్డు దగ్గర తాళాల బడ్డీ నడిపే పెద్దాయన నేను ఖాళీ చెవులు అడగగానే మొదట బండి ఆర్‌సీ చూపమన్నారు. అడగవలసిన ప్రశ్నే అది. చూపించి, చేయబోయే పని వివరించాను.

“పాత చెవి చూసి కోస్తే పాత రోగమే వస్తుంది సార్. పలకలు చూసి కోసేవాళ్లు తగ్గిపోయారు. టైమెక్కువ పడుతుంది, గిరాకీ ఆగడు,” అన్నారాయన.

ఆయన రెండు ఖాళీ చెవులను పక్కపక్కన పెట్టి చూపించారు. పైకి రెండూ ఒకటే. పొడవు, వెడల్పు, పిడి ఆకారం అన్నీ సమానమే. కానీ పొడవునా నడిచే గాడి ఒకదానికి కుడివైపు, మరొకదానికి ఎడమవైపు ఉంది. తప్పు గాడి ఉన్న చెవి తాళం మూతిలోనే దూరదు. పాత చెవిని మీద పెట్టి సరైనదాన్ని ఎంచుకున్నాను.

రెండో పరీక్ష లోహానిది. తాళంచెవులు ఇత్తడి మీద నికెల్ పూతతో వస్తాయి, ఇనుము మీద అదే పూతతోనూ వస్తాయి. మెరుపు చూసి తేడా చెప్పలేము. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లాను. అయస్కాంతానికి అంటుకున్నవన్నీ పక్కన పెట్టేశాను. ఇనుప చెవి త్వరగా అరగదన్న మాట నిజమే కానీ, అది ఇత్తడి పలకలను అరగదీస్తుంది. చెవి అరిగితే మరొకటి కోసుకోవచ్చు. పలకలు అరిగితే తాళం మొత్తం విప్పాలి. కాబట్టి చెవే మెత్తగా ఉండాలి. అసలైన ఇత్తడి ఖాళీలను పని పరీక్షకు, అసలు కోతకు సరిపడా తీసుకున్నాను.

జూన్ రెండో వారం: కోత

కోయడానికి వాడినవి ఇవీ: చిన్న చేతి వైస్, పలుచని చదును ఆకురాయి, ముక్కోణపు సన్న ఆకురాయి, వెర్నియర్ కాలిపర్, నల్లని మార్కర్. వైస్ పళ్లు చెవి గాడిని నొక్కేయకుండా రెండు పక్కలా పలుచని చెక్క ముక్కలు పెట్టాను.

ఖాళీ చెవి రెండు అంచులకూ మార్కర్ పూసి, పిడి దగ్గరి భుజం నుంచి ఒక్కొక్క స్థానం మధ్య బిందువును సూదితో గీశాను. స్థానాల మధ్య దూరాన్ని పాత చెవి నుంచి తీసుకోలేదు. సిలిండర్ మీది చీలికల నుంచే కొలిచాను. చీలికలు అరగవు.

కోతలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, కోత అడుగు భాగం పలక మందం కంటే కొంచెం వెడల్పుగా, చదునుగా ఉండాలి. ముక్కు తేలిన కోతలో పలక నిలవదు. రెండోది, ఒక కోతకూ మరో కోతకూ మధ్య వాలు సుమారు 45 డిగ్రీలకు మించకూడదు. వాలు నిటారుగా ఉంటే చెవి దూరుతుంది కానీ తీసేటప్పుడు పలక ఆ గోడకు తగులుకుని బయటకు రానివ్వదు. మూడోది, రెండు అంచులూ సమానంగా రావాలి. అందుకే ఒక అంచు మొత్తం పూర్తిచేసి రెండోదానికి వెళ్లలేదు. ఒక్కొక్క స్థానంలో రెండు వైపులా సమానంగా రుద్దుతూ ముందుకు నడిచాను.

పట్టికలోని లోతుకు 0.1 మిల్లీమీటరు మిగిల్చి ఆపాను. అక్కడినుంచి కొలత కంటే తాళమే మంచి గురువు. అన్ని పలకలూ ఒకేసారి వేయకుండా, సిలిండర్‌లో ఆ స్థానపు పలకను ఒక్కదాన్నే స్ప్రింగుతో సహా వేసి, చెవి దూర్చి, సిలిండర్ మీద గోరు పెట్టి అడ్డంగా జరిపి చూశాను. కోత లోతు ఇంకా చాలదు కనుక పలక అవతలి పక్కకు కాస్త పొడుచుకు వచ్చి గోటికి తగులుతుంది. ఆకురాయిని రెండు మూడు సార్లు మాత్రమే, తేలికగా, ముందుకు మాత్రమే నడిపి, మళ్లీ దూర్చి చూడాలి. గోటికి ఏ పక్కా ఏమీ తగలని క్షణం దగ్గర ఆపాలి. దాటితే వెనక్కి రాలేము. లోహాన్ని తీయగలం కానీ తిరిగి పెట్టలేము. వెర్నియర్ గుర్తించలేనంత సూక్ష్మమైన తేడాను గోరు గుర్తిస్తుంది.

అటు తిప్పి, ఇటు తిప్పి, రెండు తీరులా ప్రతి పలకనూ పరీక్షించాను. ఆరు పలకలూ ఒకేసారి వేసి చెవి దూర్చినప్పుడు సిలిండర్ ఏ ముక్కలూ లేని ఒకే కడ్డీ ముక్కలా నునుపుగా ఉంది. చెవి తీయగానే ఆరు పలకలూ ఎగసి రెండు పక్కలా పొడుచుకు వచ్చాయి. పాత చెవిని అదే సిలిండర్‌లో దూర్చి పోల్చాను: కొస వైపు మూడు పలకలు స్పష్టంగా ఒక పక్కకు మిగిలిపోయాయి.

చివరగా 400 నంబరు ఎమెరీ కాగితంతో, తర్వాత 800తో అంచులను తేలికగా రుద్ది, కోత అంచున లేచిన లోహపు రేగును పూర్తిగా తీశాను. ఆ రేగు తాళంలో విరిగితే అదే దుమ్ముకంటే ఎక్కువ హాని చేస్తుంది. చెవిని పెట్రోలులో కడిగి, రజను ఒక్క నలుసు కూడా లేకుండా తుడిచాను.

జూన్ మూడో వారం: బిగింపు, విద్యుత్ భాగం

సిలిండర్‌లో, గూటిలో నూనె చుక్క కూడా వేయలేదు. గ్రాఫైట్ పొడిని చిటికెడు ఊది, చెవిని పలుమార్లు దూర్చి తీశాను. గ్రాఫైట్ పొడిగానే జారుడునిస్తుంది కనుక దుమ్మును పట్టదు.

అడుగు దిమ్మలోని రాగి స్పర్శలు మసిబారి ఉన్నాయి. వాటిని గరుకు కాగితంతో రుద్దకుండా పెట్రోలు తడిపిన గుడ్డతోనే శుభ్రం చేసి, సన్నగా పెట్రోలియం జెల్లీ రాశాను. తర్వాత మల్టీమీటర్‌తో పరీక్షించాను. ఆన్‌లో ఎరుపు, నలుపు తీగలు కలవాలి. అదే బ్యాటరీ సరఫరా దారి. ఆఫ్‌లో నలుపు మీద తెలుపు చార ఉన్న తీగ, ఆకుపచ్చ తీగ కలవాలి. ఆకుపచ్చ ఎర్త్, చార తీగ సీడీఐ యూనిట్‌ది, అంటే స్పార్క్‌ను పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టెది. ఆఫ్ చేసినప్పుడు ఈ రెండూ కలవడం వల్లనే స్పార్క్ ఆగి ఇంజన్ నిలుస్తుంది. రెండు స్థానాల్లోనూ మీటరు సరిగ్గా మోగింది. మొత్తం బిగించి బండి స్టార్ట్ చేస్తే చెవి వెనక్కి లాగే అవసరం లేకుండా, ఎత్తి పట్టే అవసరం లేకుండా తిరిగింది. ఆన్‌లో ఉండగా గట్టిగా లాగి చూశాను, బయటకు రాలేదు.

జూన్ చివరి వారం: మిగిలిన రెండు తాళాలు

ట్యాంకు మూత మొదటిసారికే తెరుచుకుంది. దానిలో పలకలు తక్కువ, వాడకమూ తక్కువ. అందుకే అరిగిన నకళ్లు కూడా దాన్ని తెరవగలిగాయి. నకలు మంచిదో కాదో పెట్రోలు మూత మీద పరీక్షించి నిర్ణయించుకోవడం సరైంది కాదని ఇది చూపుతుంది. ఇగ్నిషన్‌లో తిరిగితేనే అది చెవి.

హ్యాండిల్ తాళం మాత్రం బిగువుగా తిరిగింది. చెవి అంచులకు మార్కర్ పూసి, దూర్చి, మెల్లగా రెండు వైపులా ఊపి తీసి, భూతద్దం కింద చూశాను. కోతల అడుగున సిరా సమానంగా పోయింది, ఎక్కడా ఒక్కచోట ఎక్కువ ఒత్తిడి గుర్తు లేదు. అంటే చెవి కొలత సరైనదే. బిగువుకు కారణం తాళం లోపల వాననీరు చేరి స్ప్రింగులు తుప్పు పట్టడం. చెవి మీద ఆకురాయి పెట్టి ఆ బిగువును తీర్చడానికి ప్రయత్నిస్తే మూడు తాళాలకూ కలిపి ఉన్న ఒకే కొలతను పాడు చేసినట్టే. తుప్పు వదిలించే ద్రవం కొద్దిగా కొట్టి, ఆరిన తర్వాత గ్రాఫైట్ వేసి ప్రస్తుతానికి వదిలేశాను.

జూలై రెండో వారం: వాడకంలో

వానలు మొదలయ్యాయి. బండి రోజూ బయటికి వెళ్తోంది. తాళం తీరు మారలేదు. చేత్తో కోసిన చెవిని ఇకనుంచి బండికి వాడకూడదని నిర్ణయించుకున్నాను. అది మాతృక. దాన్ని బడ్డీ పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లి, యంత్రం మొనను, చక్రాన్ని ఒకే రకం రెండు ఖాళీ చెవుల మీద సరిచూసుకోమని కోరి, రెండు ఇత్తడి నకళ్లు తీయించాను. ఆయన ఓపిగ్గా సరిచేసి కోశారు. రెండూ కాలిపర్‌కు 0.05 మిల్లీమీటరు లోపల నిలిచాయి, ఇగ్నిషన్‌లో మాతృకలాగే తిరుగుతున్నాయి. ఒకటి నాన్నగారి దగ్గర, ఒకటి నా దగ్గర ఉంది. మాతృక, అంకెల వరుస రాసిన చీటీతో పాటు ఆర్‌సీ కవరులో ఉంది. మున్ముందు ఏ నకలు తీయించినా దాన్నుంచే తీయించాలి; నకలు నుంచి నకలు తీయించకూడదు. అరిగిన పాత చెవులన్నింటినీ గుత్తి నుంచి తీసేసి, పొరపాటున కూడా తాళంలో పెట్టకుండా విడిగా కట్టి ఉంచాను; అరిగిన చెవి కొత్త పలకలను కూడా వంకరగా అరగదీస్తుంది.

మిగిలిన పని హ్యాండిల్ తాళం. దాన్ని విప్పాలంటే హ్యాండిల్ కాడను దించాలి. కోన్ సెట్టు (హ్యాండిల్ తిరగడానికి ఆధారమైన బేరింగులు) కూడా అరుగుదల చూపుతోంది, హ్యాండిల్ నడిమధ్యలో చిన్న పట్టు తగులుతోంది. వానలు తగ్గాక కోన్ సెట్టు మార్చేటప్పుడే తాళాన్నీ దించి, తుక్కు తాళంలో మిగిలిన రెండు స్ప్రింగులను అందులో వేస్తాను.